కందకం గట్టున సంధి

ఆదివారం, గుడియాత్తం

ప్రపంచ సైనిక చరిత్రకారులారా, ఈ పేజీతో మీ పుస్తకాలన్నీ పాతబడిపోతున్నందుకు క్షమించండి.

మా అవ్వకూ వేలూరులో ఉన్న ఆమె చెల్లెలికీ యుద్ధం ఎందుకంటే, తన కూతురి పెళ్ళిలో చిన్నవ్వ సొంత అక్కను వదిలేసి వియ్యపురాలికి ముందుగా తాంబూలం ఇచ్చింది. మొదట ఎదురెదురుగా నిలబడి తిట్టుకున్నారు. అది కత్తియుద్ధం. తర్వాత చుట్టాల నోటితో దూరం నుంచి విసురుకున్నారు. అది ఫిరంగి. ఇద్దరికీ చదవడం, రాయడం రాదు కాబట్టి ఇప్పుడు ఫ్యామిలీ గ్రూపులో వాయిస్ మెసేజీలు. డ్రోనులాగే, ఇంట్లో కూర్చుని మీట నొక్కితే చాలు, దెబ్బ తగిలినవాళ్ళ ముఖం చూడక్కర్లేదు. నా దిగులంతా అదే. ముఖం చూడనివాళ్ళకు ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? చిన్నవ్వకేమో వచ్చే వారం గుండె ఆపరేషన్...

అందుకే ఇవాళ ఇద్దరినీ వేలూరు కోటకు రప్పించాను. కందకం గట్టున ఎదురుపడ్డారు.

“ఏమే, ఇంత చిక్కిపోయినావే!” అంది అవ్వ.

“నా వంతు కూడా నువ్వే తింటా ఉండావు కదక్కా,” అంది చిన్నవ్వ.

ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత మిత్రపక్షాలుగా ఏకమై, ఎండలో నిలబెట్టినందుకు నన్ను తిట్టారు. ఆపరేషన్ రోజు పక్కన అవ్వే ఉంటుందట.

తిరుగు బస్సులో అవ్వ నా చెవిలో, “చూసినావా నాయనా, కడాకి అదే దిగొచ్చినాది,” అంది. ఇల్లు చేరేసరికి చిన్నవ్వ ఫోను: “కడాకి అక్కే దిగొచ్చినాది రా!”

రెండు పక్షాలూ గెలిచాయి. నా వ్యూహం మాత్రం శూన్యం. నేను చేసిందల్లా ఒక్కటే. “నిన్ను చూడాలని ఆమె ఏడుస్తా ఉండాది” అని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను.