కార్వాన్ చివరి అక్షరం

24 సెప్టెంబరు 1956, సోమవారం

ఆఫీసుకు కాగితం వచ్చింది. ఇంకో నెల దాటితే రాష్ట్రం మూడు ముక్కలు. పాత మ్యాపులతో పని లేదు. స్టోరులో ఉన్న, మ్యాపులు అచ్చువేసే రాగి పలకలన్నీ కరిగించడానికి అమ్మేయాలి. జాబితా రాసే పని నాకు పడింది.

25, మంగళవారం

రోజంతా పలకలు తుడవడమే. పేర్లన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి – అప్పుడే కాగితం మీద సరిగా పడతాయి. కొండలంటే సన్నటి గీతలు. వాలు నిటారుగా ఉన్నచోట ఒత్తుగా, చదునయ్యేకొద్దీ ఎడంగా. ఒక్కో గుట్టకు వారం పట్టేదట. ఇప్పుడు కెమెరాతో పూటలో ముగుస్తోంది.

27, గురువారం

నగరం, చుట్టుపక్కల ఊళ్ళు ఉన్న పలక. డెబ్బై ఏళ్ళ పైమాటే. మూసీ, తోటలు, మేముండే కార్వాన్ పేట... ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చివరి ‘ఎన్’ ఒక్కటే పలక మీద సరిగా ఉంది. అంటే కాగితం మీద తిరగబడుతుంది. ఇన్నేళ్ళూ అలాగే అచ్చయింది. ఎవరూ చూసినట్టు లేదు.

28, శుక్రవారం

చార్మినార్ వెనక సందులో రహీం సాబ్ ఇంటికి వెళ్ళాను. రాగి మీద చెక్కడం నాకు నేర్పిన ఉస్తాద్. రిటైరయ్యాక చూపు దాదాపు పోయింది. సంగతి చెప్పాను.

“అది మా అబ్బా చెక్కిన పలక,” అన్నారు.

అచ్చయి వచ్చాక గాని వాళ్ళ నాన్నకు తప్పు తెలియలేదట. దిద్దుతానంటే పైవాళ్ళు ఒప్పుకోలేదట. మూడు రోజులు అన్నం ముట్టలేదట ఆయన.

“ఒక్కసారి తెస్తవా బేటా? చెయ్యి పెట్టి చూస్త.”

29, శనివారం

తెచ్చాను. పంచెలో చుట్టి, సైకిల్ వెనక కట్టి. గేటు దగ్గర జవాను సలాం కొట్టాడు. పద్దెనిమిదేళ్ళ నౌకరీలో చిట్టీ లేకుండా వస్తువు బయటికి తేవడం ఇదే మొదలు.

30, ఆదివారం

వేళ్ళతో మూసీ పట్టుకుని వెళ్ళారు ఉస్తాద్. కార్వాన్ దగ్గర ఆగారు. నన్ను దిద్దమన్నారు.

కరిగిపోయేదానికి దిద్దడమెందుకని అడిగాను.

“కరిగేది రాగి. అక్షరంల గలతీ ఎందుకు మిగలాలె?”

పలక మీద సర్వే చేయించిన తెల్లదొర పేరుంది, చెక్కినవాడి పేరు లేదు. ఆయన చేతి గుర్తని చెప్పగలిగేది ఆ ఎన్ ఒక్కటే. ఆ మాటా అన్నాను. ఉస్తాద్‌కు కోపం వచ్చిందనుకున్నాను. రాలేదు.

“గుర్తు నాకుంది. సాలు.”

2 అక్టోబరు, మంగళవారం

సెలవు. పొద్దున్నే వెళ్ళాను. మార్చాల్సింది ఒక్క అడ్డగీత. ముందు పాత గీతను గీకాలి. పలకను బోర్లించి వెనక నుంచి సుత్తితో తట్టాలి, గుంట పైకి లేచేదాకా. బొగ్గుతో నున్నగా రుద్దాలి. అప్పుడు ఉలి. పదేళ్ళయింది పట్టి. గట్టిగా తోయబోయాను.

“ఉలిని తోయకు. పలకను నేను జరుపుత.”

జరిపారు. గీత పడింది. గోటితో తడిమి చూశారు.

“ఇగ ఉల్టా అయింది. బస్.”

తర్వాత చాయ్ తాగాం.

3, బుధవారం

చెప్పిన రోజుకంటే ముందే రాగి కొన్నవాళ్ళ లారీ వచ్చింది. పలకలు లెక్క పెట్టారు. ఒకటి తక్కువ. స్టోరు కీపర్ మీదికి పోయేలా ఉంది. నా దగ్గరుందని చెప్పాను. సూపరింటెండెంటు గారు గొంతు పెంచలేదు. రేపు తెమ్మన్నారు. మెమో చేతిలో పెట్టారు – ఎందుకు తీసుకెళ్ళారో రాతపూర్వకంగా తెలపాలి.

4, గురువారం

పలక తెచ్చుకోవడానికి వెళ్తే ఉస్తాద్ అప్పటికే పంచెలో చుట్టి పెట్టారు. మెమో సంగతి చెప్పలేదు.

ఆఫీసులో అప్పగించాను. లారీ నిన్ననే పోయింది. మిగిలిన ఈ ఒక్కటి ఏం చేయాలో కాగితంలో లేదు.

5, శుక్రవారం

జవాబు రాశాను. ‘ఒక అక్షరం తప్పుగా ఉన్నందున దిద్దుటకు.’ సూపరింటెండెంటు గారు చదివి, నా ముఖం వైపు చూశారు. పలకను కిటికీ దగ్గరికి తెప్పించారు. భూతద్దం తీశారు.

“ఏ అక్షరం?”

జవాబు కోసం ఆగకుండా తానే వెతకడం మొదలుపెట్టారు. ఉత్తరం నుంచి, ఒక్కొక్క ఊరూ. దిద్దిన చోటు నేను చూపలేదు. ఆయన నన్ను వెళ్ళమనలేదు, కూర్చోమనలేదు. ఆఫీసు వదిలే గంట కొట్టేవేళకు మూసీ దాకా వచ్చారు.