డోవర్ దాకా దారి చూపే పెట్టె

విల్ఫ్, బూట్లు విప్పకముందే ఇలా వచ్చి చదువు. సూప్ వేడి చేసుకో. నువ్వు చవకని కొన్న ఆ దారి చూపే పెట్టెను చెత్తబుట్టలో పడేశాను, తియ్యకు. ఇంగ్లండు చివర ఓడరేవు డోవర్ దాటితే దాని మ్యాపులో ఏమీ ఉండదు. పోయినేడు “అవతల బోర్డులుంటాయి కదే” అన్నావు. ఫ్రాన్సు పొలాల్లో తిరిగి తిరిగి మనం వెళ్లేసరికి బావను పూడ్చేశారు. ఇప్పుడు అక్కడే మంచాన పడ్డది ఆయన భార్య, మా మేవిస్ అక్క. సిగ్గులేకుండా మళ్లీ దాన్నే కారులో పెట్టావు! పక్కింటి గ్లెనిస్ తన పాతది తక్కువకే ఇస్తానంది. అందులో యూరప్ అంతా ఉంది. వెళ్లి తెచ్చుకో.

నేను అక్కకి స్వెట్టర్ కొనడానికి వెళ్తున్నా.

“విల్ఫ్ ఈసారైనా నిన్ను వేళకి తీసుకొస్తాడా?” అని అక్క ఫోనులో అడిగింది. తెస్తాడన్నాను. చివరిదాకా దారి చూపనిది ఎంత చవకైనా దండగే, ఇది గుర్తుపెట్టుకో, కారు కొంటున్న మనవడికీ చెప్పు.