బెల్లం అచ్చు ఉన్న సంచి

జూన్ 11, 2006, ఆదివారం

గెస్టులు దొరికారు. వానాకాలంలో. అద్దెకిద్దామనుకున్న మా వెనక గదికి మొదటివాళ్ళు. రాజమండ్రిలో టీచర్లుగా రిటైరైన వెంకటాచలం గారు, ఝాన్సీలక్ష్మి గారు. గురువారం ఫ్లైట్‌కి వస్తారు. ఈ వానల్లో ఎవరొస్తారు దీదీ, జలగల్ని చూడ్డానికా అంది మొన్న పక్కింటి గవరమ్మ. ఇప్పుడే వెళ్ళి చెప్పి వచ్చాను.

ఒకటే చిక్కు. వాళ్ళకి సముద్రం చూపించాలి. సునామీ తర్వాత నేను అటు అడుగు పెట్టలేదు. గెస్టులు కావాలి, సముద్రం వద్దు అంటే ఈ దీవిలో, మన బ్రూక్షాబాద్‌లో కుదరదు పుష్పా అంటారు ఈయన.

జూన్ 14, సాయంత్రం

గది తయారు. కొత్త కర్టెన్లు. కిటికీ కింద మందారాలు విరగబూశాయి, అనాస మొక్కలకి కాయలు పడ్డాయి. ఎన్నిసార్లు వెళ్ళి చూసుకున్నానో.

తలుపు వెనక భూకంపం సంచి తగిలించాను. టార్చి, నీళ్ళు, బిస్కెట్లు, బెల్లం అచ్చు, రెయిన్‌కోట్లు. భూమి కదిలితే అది లాక్కుని కొండెక్కాలి. మా వీధిలో అందరికీ అలవాటే. ప్రత్యేకంగా చెప్పాలని తోచలేదు.

జూన్ 16, సాయంత్రం 5

మధ్యాహ్నం గదిలోకి చూస్తే సంచి లేదు. నిన్న దిగిన మనుషులూ లేరు. భూమి కదిలితే నాకు తెలియలేదా? చెప్పులు వేసుకోకుండా కొండ మలుపు దాకా పరిగెత్తాను. అక్కడా లేరు.

మా వీధి అప్పలరాముడు ఆటో ఆపి, మీ మెహమాన్లు బీచ్‌లో ఉన్నారు దీదీ, మజాగా బెల్లం తింతన్నారు అన్నాడు. ఎక్కి కూర్చున్నాను. ఎటు వెళ్తున్నానో దిగాకే తెలిసింది.

ఎదురుగా సముద్రం.

ఝాన్సీలక్ష్మి గారు చెయ్యి ఊపారు. ఎంత మర్యాదమ్మా, పిక్నిక్ సంచి కూడా సర్ది పెట్టావు, బిస్కెట్లే కాస్త మెత్తబడ్డాయి అన్నారు. నవ్వాపుకోలేక ఇసుకలో కూలబడ్డాను. సంచి సంగతి చెబితే వెంకటాచలం గారు నోట్లో బెల్లంతోనే లేచి, కొండ ఎటు అన్నారు. ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, ముందు అది మింగండి అన్నారు.

అల నా పాదాల దాకా వచ్చింది. వెనక్కి పోయింది. అంతే చేసింది.

జూన్ 17

ఇంకో వారం ఉంటారట!

జూన్ 18

గదిలో కొత్త సంచి తగిలించాను. పాతదాని అడుగున ఇసుక ఉంది. దులపలేదు.