చివరి మనిషి వెనకాల

అక్కా,

ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో అయిపోయే సంగతే ఇది. కానీ నేను నీతో మాట్లాడినప్పుడల్లా నీ మరిది పక్క గదిలో టీవీ గొంతు తగ్గిస్తాడు. అందుకే ఆసుపత్రి ల్యాబులో, రక్తం గొట్టాలు యంత్రంలో తిరుగుతున్నంతసేపూ కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు, బల్ల అదురుతోంది.

మొన్న ఆదివారం ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు జరిగింది. ఎప్పటిలాగే ఈసారీ నేను తోకనే. అంటే అందరికన్నా వెనకబడ్డ మనిషి వెనకాల పరుగెత్తడం నా పని. ఆ మనిషిని దాటకూడదు, వదిలి వెళ్ళకూడదు. పదిహేనో కిలోమీటరు దగ్గర ఒక గేటు ఉంటుంది. రెండున్నర గంటల్లోగా దాన్ని దాటలేకపోతే, చొక్కాకి పిన్నులతో పెట్టుకున్న నంబరు నేనే తీసేసి, వెనకే వచ్చే బస్సు ఎక్కించాలి. ఆ తర్వాత ముందు పోతున్నవాళ్ళలో చివరి మనిషి ఎవరో వెతుక్కుంటూ పరుగెత్తాలి. ఎనిమిదేళ్ళుగా ఇదే పని. మా పరుగు క్లబ్బులో అందరూ నా సేవాభావాన్ని మెచ్చుకుంటారు. సేవా లేదు, పాడూ లేదు.

అసలు సంగతి నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళ క్రితం ఇదే పరుగులో మా ఆయనకంటే పదకొండు నిమిషాలు ముందొచ్చాను. ఆయన నలభై రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టలేదు, చెయ్యెత్తలేదు, ఊరికే మాట్లాడలేదు. నలభై ఒకటో రోజు భోజనం చేస్తూ "ఉప్పు ఇటివ్వు" అన్నాడు. ఆ మాటకే నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, అదీ సంతోషంతో. ఎంత చవకగా అమ్ముడుపోయానో చూడు. ఆ మరుసటి ఏడు ఎవరూ అడక్కుండానే తోకగా పేరిచ్చాను. వెనకాల ఉంటే ఎవరినీ గెలవక్కర్లేదు, అలాగని పరుగూ మానక్కర్లేదు. ఆయన కూడా అదే నయమన్నాడు.

ఈసారి ఆయన కూడా దిగాడు. తన డ్రైవింగు స్కూలుకి కారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళ ముందు గొప్పలు పోయి, మూడు వారాలు తూతూమంత్రంగా సాధన చేసి దిగాడు. ఆరో కిలోమీటరు వచ్చేసరికి అందరూ ఆయన్ని దాటేశారు. ఇక నా ముందున్న చివరి మనిషి ఆయనే.

అప్పుడే వాన పట్టుకుంది. ఎదురుగాలి మనిషిని వెనక్కి తోస్తోంది, వడగళ్ళు చెవుల మీద టపటపా కొడుతున్నాయి, బూట్ల నిండా నీళ్ళు. వంతెన ఎక్కాక ఒక పక్క ఇనుప కమ్మీలు, ఇంకో పక్క గోడ. ముందు ఆయన వీపు. వెనక నా మడమలు తొక్కేస్తుందేమో అన్నంత దగ్గరగా బస్సు. ఆయన నడిస్తే నేనూ నడవాలి, ఆయన ఆగితే నేనూ ఆగాలి. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. గట్టిగా నాలుగడుగులు వేస్తే ఒళ్ళు వేడెక్కుతుంది, కానీ వెయ్యడానికి లేదు. ఆయన ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. నేను ఉంటానని తెలుసు కదా. నాకు మాత్రం ఎనిమిదేళ్ళూ ఆ వంతెన మీదే ఉన్నట్టు అనిపించింది అక్కా.

వంతెన దిగుతుండగా ఆయన పిక్క పట్టేసింది. కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. నేను దగ్గరికెళ్ళి, టైము అయిపోయింది, నంబరు ఇచ్చెయ్యండి అన్నాను. "ఇక్కడెవరు చూస్తారు, వదిలెయ్" అన్నాడు. నేను పిన్నులు తీసేసి బస్సెక్కించాను. ఆ తర్వాత పరుగెత్తాను. ముందున్న చివరి మనిషి ఒక బేకరీ ఆవిడ. ఆవిణ్ణి అందుకోవడానికి రెండున్నర కిలోమీటర్లు, పదమూడు నిమిషాలు పట్టింది. ఆ పదమూడు నిమిషాలూ వడగళ్ళు పడుతున్నాయో లేదో కూడా నాకు గుర్తులేదు.

క్లబ్బు కార్యదర్శి, అదే ఆ పళ్ళ డాక్టరు, నేను అలా పరుగెత్తడం దారిలో చూశాడట. వచ్చే నెల పోటీకి ఆడవాళ్ళ జట్టులో ఒక చోటు ఖాళీగా ఉంది, నెలాఖరులోగా చెప్పండి అన్నాడు. ఇంట్లో మళ్ళీ మాటల్లేవు. జట్టులో చేరితే ఇంకెన్ని రోజులు ఉండవో. నేను నియమం ప్రకారమే కదా చేశాను, ఇందులో నా తప్పేముందో నువ్వే చెప్పు.

నీ చెల్లి

అక్కా,

నీ జవాబు అందింది. "నియమం నియమమే, నువ్వేం తప్పు చేశావే" అని రాశావు. అది రెండోసారి చదవలేక మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. నీకు అబద్ధం రాశాను. అప్పటికి టైము కాలేదు. ఇంకా నాలుగు నిమిషాలుంది. మలుపు తిరిగితే గేటే. పిక్క కాస్త నొక్కి ఉంటే ఆయన కుంటుకుంటూ అయినా దాటేవాడు. దాటితే ఇంకో ఆరు కిలోమీటర్లు నేను ఆ వీపు చూస్తూ నడవాలి. అది తలుచుకునేసరికి నా వల్ల కాలేదు. వాచీ చూసి మరీ అబద్ధం చెప్పాను.

ఈ పొద్దున ఆయన బూట్లు తుడుచుకుంటుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. జట్టులోకి కూడా రానని చెప్పేద్దామనే అనుకున్నాను, చేసిన పనికి అదే శిక్ష అని. ఆయన తలెత్తలేదు.

"తెలుసు. నా చేతికీ వాచీ ఉంది."

మరి అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను.

"నీ అంతట నువ్వు చెప్తావో లేదో చూద్దామని."

పన్నెండు రోజులక్కా. నేను నిద్రపోవడం లేదని తెలుసు, సరిగా తినడం లేదని తెలుసు, చూస్తూ కూర్చున్నాడు. తర్వాత పెద్దమనసు చేసుకుని, పోనీలే, వచ్చే ఏడు కూడా నా వెనకాలే ఉండు, ఈసారి టైము సరిగ్గా చూడు అన్నాడు. నవ్వాడు కూడా. ఒకప్పుడైతే ఆ నవ్వు కోసం ఏమైనా చేసేదాన్ని.

"ఆ నాలుగు నిమిషాలు మీవి. నేను తీసేసుకున్నాను. తప్పే, క్షమించండి" అన్నాను. ఇంకా ఏదో ఉన్నట్టు ఆయన నా మొహంలోకి చూస్తూనే ఉన్నాడు. నేను లేచి ల్యాబుకి బయల్దేరాను. దారిలో పళ్ళ డాక్టరు దగ్గర ఆగి జట్టులో పేరు రాయించాను, తోకకి ఇంకెవరినైనా చూసుకోమన్నాను. ఈ పూట ఇంట్లో మాటలుంటాయో లేదో తెలియదు. భయం లేదంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. కానీ నాలుగు నిమిషాలకి క్షమాపణ చెప్పాను అక్కా, ఆ తర్వాతి పదమూడు నిమిషాలకి చెప్పను.

నీ చెల్లి