సెట్టింగ్ మార్చింది నేనే

నందిగామ,
గురువారం.

అన్నయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా ఆయనా కులాసా. నువ్వూ, వదినా, రాజ్యశ్రీ కూడా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. కులాసాలు అయిపోయాయి. ఇప్పుడు నీతో పోట్లాడటానికి కూర్చున్నాను.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను రెండు ముక్కలు మాట్లాడనిస్తేగా! షాపులో జనం ఉన్నారు, తర్వాత చూద్దాంలే అని పెట్టేస్తావు. అందుకే ఆల్బమ్ ప్రూఫులతో పాటు ఈ ఉత్తరం కూడా జగ్గయ్యపేట బస్సులో పంపుతున్నాను. కౌంటర్ దగ్గర చదవకు, లోపలికెళ్ళి చదువు.

పోయిన పార్సిల్లో నువ్వు పెట్టిన చీటీ నా ముందే ఉంది. నందిగామ స్టూడియోలో సిస్టమ్ సెట్టింగులు ఎవరు మార్చారని అడిగావు. నేనే మార్చాను. ఆదివారంలోగా పాత సెట్టింగ్ పెట్టకపోతే కంప్యూటర్ జగ్గయ్యపేట తీసుకుపోతానని రాశావు. అది పోయాక నాకిక్కడ షాపేముంది, షట్టర్ దించుకుని ఇంటికి పోవడమేగా. ఆరేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని నడుము విరగ్గొట్టుకున్న మనిషికి ఇంత తేలిగ్గా ఎలా రాయగలిగావో నాకు అర్థం కావడం లేదు.

అసలేం జరిగిందో ఒక్కసారైనా అడిగావా? ఫోటోషాప్ తెరిచినప్పుడల్లా గ్రాఫిక్స్ కార్డు గురించి ఏదో మెసేజ్ వచ్చి మూసుకుపోయేది. నీకు చెప్తే పాత కంప్యూటరు అంతే, రీస్టార్ట్ కొట్టు అన్నావు. రోజుకి పదిసార్లు కొట్టాను. చివరికి బస్టాండ్ పక్కన కంప్యూటర్లు బాగుచేసే రూబెన్‌ని పిలిచాను. అతను ఐదు నిమిషాలు చూసి నవ్వాడు. మనం సెకండ్ హ్యాండ్‌లో కొన్న రోజు నుంచీ ఇందులో తెరని నడిపించే సాఫ్ట్‌వేర్, డిస్‌ప్లే డ్రైవరే వేయలేదట. అందుకని తెర చిన్న రిజల్యూషన్‌లో ఇరుక్కుపోయి, బొమ్మ అంతా అడ్డంగా సాగిపోయి కనపడుతోందట. ఇక బ్రైట్‌నెస్ సంగతి. కళ్ళు మండుతున్నాయని దాన్ని బాగా తగ్గించేసి, మానిటర్ కింద బటన్ల మీద టేపు అంటించి, 'ముట్టుకోవద్దు' అని రాసింది ఎవరు? ఆ చేతిరాత నీది కాదా?

రూబెన్ ఆ పాత కార్డుకి సరిపోయే డ్రైవర్ ఎక్కడో వెతికి వేశాడు. రిజల్యూషన్ తెరకు తగ్గట్టు పెట్టాడు. ఫోటోషాప్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడుకోమనే టిక్కు తీసేస్తే ఆ హ్యాంగ్ అవడం కూడా పోయింది. తర్వాత నీ టేపు నేనే పీకేశాను. ల్యాబ్ నుంచి వచ్చిన ప్రింటు ఒకటి తెర పక్కన పట్టుకుని, రెండూ ఒకేలా కనపడేదాకా బ్రైట్‌నెస్ పెంచుకోండి అన్నాడు రూబెన్. అలాగే చేశాను. చేసి, మన పాత ఆల్బమ్ ఫైల్ ఒకటి తెరిచి చూశాను. ముఖాలన్నీ తెల్లగా పాలిపోయి, సన్నగా నొక్కుకుపోయి ఉన్నాయి.

తెర చీకటిగా ఉంటే నేనేం చేస్తాను? ముఖం కనపడేదాకా తెలుపు పెంచుతాను. ముఖాలు వెడల్పుగా కనపడితే నొక్కి సన్నం చేస్తాను. ఆరేళ్ళుగా ఈ చుట్టుపక్కల ప్రతి పెళ్ళికూతుర్నీ సున్నం కొట్టిన గోడలా చేసి పంపించానన్నమాట. ఆ స్టూడియో వాళ్ళు తెల్లగా తీస్తారని పేరొచ్చింది. నువ్వు సంబరపడిపోయి దాన్ని బోర్డు మీద కూడా రాయించావు.

చిల్లకల్లు జాయిస్ పెళ్ళి ఆల్బమ్ కొత్త సెట్టింగ్‌లో చేసిన మొదటిది. వాళ్ళ ఆడపడుచు దాన్ని టేబుల్ మీద విసిరికొట్టి, నీకు ఫోన్ చేసింది. నీకు తెలిసింది అంతవరకే. ఆవిడ వెళ్ళాక జాయిస్ వెనక్కి వచ్చింది. నా మొహం మీద కోప్పడినా బాగుండేది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా ఫ్రెండ్స్ అందర్నీ తెల్లగా చేశారు. నన్నొక్కదాన్నే ఎందుకక్కా ఇలా ఉంచేశారు?" అంది.

ఆ పిల్ల ఎంత చక్కగా ఉంటుందో తెలుసా? తనలాగే ఉన్న ఫోటో చూసుకుని ఒక ఆడపిల్ల ఏడ్చిందంటే అది మనం నేర్పిందే. నాకు నీ మీద ఎంత మండిందో నా మీద అంతకు రెండింతలు మండింది. అందుకే చెప్తున్నాను, పాత సెట్టింగ్ పెట్టను.

మెడనొప్పి ఎలా ఉందని అడిగావు. తెర సరిగ్గా కనపడటం మొదలయ్యాక తగ్గింది. వదిన పంపిన చింతకాయ పచ్చడి అందింది, బాగుంది. తనకి చెప్పు.

ఇక అమ్మ ఫోటో సంగతి. సంవత్సరీకానికి పెద్ద ఫ్రేము కట్టిద్దాం, ఒరిజినల్ పంపమని నాలుగోసారి రాశావు. వెతుకుతున్నా, వెతుకుతున్నా అని ప్రతిసారీ అబద్ధం చెప్పాను. ఒరిజినల్ లేదు అన్నయ్యా. పెద్దకర్మకి ఫ్లెక్సీ తొందరలో ఆ ఫోటో బాగుచేసింది నేనే. అలవాటుగా తెలుపు పెంచాను. బుగ్గలు నొక్కాను. బుగ్గల మీద మశూచి మచ్చలు ఒక్కొక్కటీ తుడిచేశాను. ఏడుస్తూనే తుడిచాను, అమ్మకి మంచి చేస్తున్నాననుకున్నాను. అదే పేరు మీద సేవ్ కొట్టేశాను. కెమెరాలో కార్డు అప్పటికే చెరిపేసి ఇంకో పెళ్ళికి వాడేశాం. మీ హాల్లో నువ్వు దండ వేసి పెట్టుకున్నది ఆ ముఖమే.

రాజ్యశ్రీ నాయనమ్మ ఫోటోకి పువ్వు పెట్టనంటోందని, మొండికేస్తే వదిన ఒకటి అంటించిందని రాశావు. ఇంకోసారి ఆ పిల్ల మీద చెయ్యి వేస్తే నేను ఊరుకోను. అమ్మ ఒళ్ళో కూర్చుని ఆ మచ్చల మీద వేలు పెట్టి అంకెలు నేర్చుకున్న పిల్ల అది. దానిది మొండితనం కాదు, దానికి కళ్ళున్నాయి. మనకి లేవు.

కొత్త సెట్టింగ్‌లో పాత పెళ్ళిళ్ళన్నీ తెరిచి చూస్తుంటే చెవిటికల్లు పెళ్ళి దొరికింది. ఆ రోజు అమ్మ మనతో వచ్చి లైట్ల బ్యాగు కాపలా కాసింది, గుర్తుందా? ఒక ఫోటోలో కుడివైపు మూలన కూర్చుని, చేతిలో సగం కొరికిన లడ్డూతో, ఎవరినో చూసి నవ్వుతోంది. ఎలాగూ కత్తిరించేసే మూల కదా అని అక్కడ నేను చెయ్యి పెట్టలేదు. అందుకే మిగిలింది. ఆ మూల ఒక్కటీ పెద్దది చేసి ప్రింట్ తీయించాను. కొంచెం మసకగా ఉంది. రంగు అమ్మదే, బుగ్గలు అమ్మవే, మచ్చలన్నీ ఉన్నాయి.

ఈ ఉత్తరంతో పాటు రెండు అట్టల మధ్య పెట్టాను. నువ్వేమీ చెప్పకుండా రాజ్యశ్రీ చేతికివ్వు. వేలు ఎక్కడ పెడుతుందో చూడు. చూశాక కూడా నీకు పాత సెట్టింగే కావాలనిపిస్తే ఆదివారం రా. టేపు దాచి ఉంచాను. నీ చేత్తో నువ్వే అంటించు.

ఇట్లు,
అమ్మ రంగే వచ్చిన నీ చెల్లెలు
ఆమని