పాత స్కీమా తుడిచిన వారం

మే 2

రూతు ఆఫీసు మా వంటింటి బల్ల మీదికి వచ్చింది. తన ఆఫీసు ఉండే మిడిల్ పాయింట్‌లో కరెంటు లేదట; మనవరాలికి అమ్మమ్మ గుర్తు రాలేదు, అమ్మమ్మ ఇన్వర్టర్ గుర్తొచ్చింది.

జాలర్ల సంఘం డేటాబేస్‌లో కొత్త స్కీమా కట్టిందట, ఇక పాతది తీసేయాలట. డేటాబేస్ ఇల్లయితే స్కీమా అందులో ఒక గది. నొక్కడానికి బొమ్మలు లేవు. నల్ల తెర, మిణుకుమనే గీత. ఒక్క వాక్యం టైపు చేస్తే గది, గదిలోని బీరువాలు... "మళ్ళీ రావు అమ్మమ్మా" అంది. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను. నా ఏ వాక్యానికీ ఇంత శక్తి లేదు.

మే 3

తుడవలేదు. ముందు కాపీ తీసింది. దాన్ని వేరేచోట తెరిచి చూసింది. తెరిచి చూడని కాపీ కాపీ కాదట. పెళ్ళి చీరల ట్రంకు నేనూ అలా తెరిచి చూసుకోవలసింది.

మే 4

వాక్యం టైపు చేసింది. యంత్రం ఒప్పుకోలేదు — దీని మీద ఇంకేదో ఆధారపడి ఉంది, తీయను, అని. ఎంత మర్యాద! చివర 'కాస్కేడ్' అని చేరిస్తే ఆధారపడ్డదాన్ని కూడా లాక్కుపోతుందట. రూతు వేళ్ళు అటే వెళ్తున్నాయి.

"ఏమిటా ఆధారపడింది?"

"ఏదో పాతదే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది అనేది జవాబా?"

మూతి ముడిచి వెతికింది. తర్వాత తెర నా వైపు తిప్పింది. తుఫాను హెచ్చరిక మెసేజ్ నంబర్లు తీసుకునేది ఆ పాత గదిలోంచే. కొత్త గదిలో రూతు పడవ యజమానుల నంబర్లే ఎక్కించింది. పడవల్లో వెళ్ళేవాళ్ళ భార్యల నంబర్లు పాతదాంట్లోనే ఉండిపోయాయి.

మే 5

జాలర్ల ఊరు వండూర్ నుంచి నూకాలు చేపలు తెచ్చింది; ఆమె మొగుడూ పడవకెళ్ళేవాడే. యజమానికి మెసేజ్ వెళ్తే చాలదా అని రూతు అడిగింది.

"ఆయనా పడవలోనే ఉంటాడు గదా దీదీ. సముద్రంలో నెట్‌వర్క్ కహా హై? నాకు సెప్తే జెట్టీ కాడ వైర్లెస్‌లో నానే పిలుస్తాను."

సాయంత్రం దాకా నంబర్లన్నీ కొత్త గదికి మార్చింది. హెచ్చరికకు కొత్త దారి చూపించింది.

మే 6

'బిగిన్' అని మొదలుపెట్టి తుడిచింది. ఈసారి యంత్రం అడ్డుపడలేదు. పాత గది లేదు. హెచ్చరిక ఎవరికి వెళ్తుందో అడిగితే నూకాలు పేరు వచ్చింది, కొత్త గదిలోంచి. అప్పుడు 'రోల్‌బ్యాక్' అంది. పోయిన గది పోయినట్టే తిరిగొచ్చింది, మడత చెదరకుండా. ఇదంతా రిహార్సల్ అట. సమాధిలోంచి లేచి రావడానికి లాజరుకు నాలుగు రోజులు పట్టింది... ఆరాధనలో కూడా ఈమధ్య ఇలా ఒళ్ళు జలదరించలేదు. పాస్టరు గారికి చెప్పను.

మే 7

ఈసారి చివర 'కమిట్', అంటే ఇక తిరిగిరాదు. చప్పుడు లేదు. నా కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

మే 9

గాలి తిరిగింది. హెచ్చరిక వెళ్ళింది. తుడిచేసిన గది జాడ ఎక్కడా లేదు, అయినా వండూర్‌లో ఇంటింటా ఫోను మోగింది. చూస్తూ కూర్చున్నాను.

నూకాలు జెట్టీ నుంచి ఫోను చేసింది. "పిలుస్తన్నాను టీచరమ్మా." ఒక్కొక్క పడవా పలుకుతోందట... వెనక్కి తిరుగుతున్నామని.

ఆమె మొగుడి పడవ ఇంకా పలకలేదు. రూతు తెర ముందు నుంచి లేవడం లేదు. నేను ఫోను పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. అదుగో, మోగు —