నిద్రకి సాక్షి

వాగుగట్టు గుంపు,
దుమ్ముగూడెం దగ్గర.

శ్రీవారికి,

గోదావరి దాటితే బూర్గంపాడులో మన ఇల్లు, ఇంత దగ్గర్లో కూర్చుని ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటారని తెలుసు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే రేవు గట్టు దాకా నడవాలి. పోనీ నడిచి ఫోన్ చేశాననుకోండి, మీరు "తిన్నావా" అంటారు, నేను "తిన్నాను, మీరో" అంటాను, అక్కడితో మన సంసారం మళ్ళీ రేపటికి వాయిదా. కాగితమైతే మధ్యలో "సరేలే, షిఫ్టుకి టైమైంది" అని లేచిపోలేరు కదా. అందుకే రాస్తున్నాను.

నేనిక్కడ బాగానే ఉన్నాను. మూతపడిన బడి గది ఒకటి ఊడ్చి ఇచ్చారు. భద్రాచలంలో మా కాలేజీ పిల్లలకి మెదడు, నిద్ర అని రెండు పాఠాలు ఏటా చెప్పీ చెప్పీ, చివరికి పీహెచ్‌డీకి కూడా నిద్రనే పట్టుకున్నానని మీరు వెక్కిరించేవారు. "నిద్రపట్టని మనిషికి నిద్ర మీద డాక్టరేటు" అన్నారొకసారి. నవ్వాను గానీ ఆ రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. నిజమే మరి. పక్కన మనుషులుండగా పడుకునేవాళ్ళకీ ఒంటరిగా పడుకునేవాళ్ళకీ నిద్రలో తేడా ఏమిటన్నది నా ప్రశ్న. పట్టుమని ఇరవై ఇళ్ళు లేని ఈ కోయ గుంపులో ఇంటిల్లిపాదీ చాపలు కలిపి పరుచుకుని పడుకుంటారు. అందుకని వీళ్ళ చేతులకి బ్యాండ్లు కట్టాను. ఎంతసేపు పడుకున్నారో, ఎంత గాఢంగా పడుకున్నారో అవి చెబుతాయి. ఒంటరిగా పడుకునేవాళ్ళ తరఫున నా చేతికీ ఒకటి కట్టుకున్నాను. అటువైపు మనిషి కోసం ఎక్కువ వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఎదురింటి భీమక్క అని ఒకావిడ నాకు అన్నం వండి పెడుతుంది. వచ్చిన మర్నాడే గుమ్మంలో నిలబడి గదంతా కలయజూసి, "ఒక్కదానివే ఎట్ల పండుకుంటవ్ మేడం? అలిగినోళ్లే గట్ల పండుకుంటరు" అంది. మనస్తత్వశాస్త్రం ఎమ్మే చదివిన నేను ఆ ప్రశ్నని మీకే పంపుతున్నాను.

ఉదయ్ గారూ, అలిగినదాన్ని నేనా, మీరా?

ఏడో నెలలో ఖమ్మం ఆసుపత్రి నుంచి మనం ఉత్త చేతులతో వచ్చాం. అత్తయ్య గారు ఊయలని అటక మీద పెట్టించేశారు. మీరు మర్నాడే డ్యూటీకి వెళ్ళారు. కొన్నాళ్ళకి నేనూ కాలేజీకి వెళ్ళాను. ఆ పిల్ల గురించి మనిద్దరం ఇంతవరకూ ఒక్క మాట అనుకోలేదు. నా కడుపులోంచి పోయింది, మీ నోట్లోంచి కూడా పోయింది. ఆ తర్వాతే మీకొక పాడు అలవాటు పట్టుకుంది. మంచి నిద్రలో ఉండగా లేచి లైటు వేసేవారు, వెంటనే తీసేసేవారు. ఒక్కోసారి ఆ స్విచ్ చప్పుడుకి నాకు మెలకువ వచ్చేసేది, ఇక పట్టేది కాదు. కొన్నాళ్ళు ఊరుకున్నాను. ఒకరోజు విసుక్కున్నాను, "మీ షిఫ్టుల పిచ్చి నా మీద రుద్దకండి, నాకు పొద్దున్నే క్లాసులున్నాయి" అని. మర్నాడు పరుపు చుట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. "నీ నిద్ర పాడవుతోందిగా" అన్నారు.

రెండు రోజుల ముచ్చటేలే అనుకున్నాను. వేసవులు గడిచిపోయాయి, పరుపు హాల్లోనే ఉంది. నేను విసుక్కున్నందుకు కాదని నాకు తెలుసు. అలాంటి విసుగులు మన పెళ్ళయినప్పటి నుంచీ ఉన్నాయి. నా పక్కన పడుకుంటే మీకు ఆ ఆసుపత్రి గుర్తొస్తుంది. నిలబెట్టుకోలేని ఒళ్ళు ఇది అని మీకనిపిస్తుంది. పైకి అనరు, మీరు మర్యాదస్తులు. మీరు వెళ్ళాక నా నిద్ర బాగుపడాలి కదా? ఉన్న కాస్తా పోయింది. క్లాసులో చెబుతుంటాను, నిద్రలో మెదడు పడుకోదు, పగలు పడేసినవన్నీ తీసి సర్దుకుంటుందని. మనిషి తన నిద్రకి తాను సాక్షి కాలేడు కాబట్టి నిద్ర గురించి అతను చెప్పేది పూర్తిగా నమ్మకూడదని కూడా చెబుతాను. నాకు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరున్నారు, ఫ్యాను తప్ప.

ఖమ్మంలో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా రమ్మంటున్నారు. క్వార్టరు కూడా ఇస్తారు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. ఒప్పుకుందామనే నిర్ణయించుకున్నాను. విడాకులూ గొడవలూ ఏమీ వద్దు. హాలుకీ గదికీ మధ్య ఉన్న దూరాన్ని కాస్త పొడిగిస్తున్నానంతే. మొహం చూసి చెప్పలేక ఇలా రాశాను. కోపం వస్తే రానివ్వండి, అది వచ్చినా బాగుండు.

ఇట్లు,
మీ ప్రసూన


వాగుగట్టు గుంపు.

ఉదయ్ గారికి,

నా ఉత్తరం అందే ఉంటుంది. జవాబు లేదు. రేవు గట్టు మీద నిలబడి ఒకసారి ఫోన్ చేద్దామనుకుని మానేశాను, మీరు "తిన్నావా" అంటారన్న భయంతో. ఈ మధ్యలో ఇక్కడొక తమాషా జరిగింది. అది చెబితే తప్ప నాకు తోచేట్టు లేదు, చెప్పుకోవడానికి మీరు తప్ప ఎవరూ లేరు. ఎంత అన్యాయమో చూడండి.

బ్యాండ్లలోని సమాచారం లాప్‌టాప్‌లోకి ఎక్కించి చూసి, నమ్మలేక మళ్ళీ మొదటి నుంచీ చూశాను. ఈ గుంపులో మనుషులు నిద్రే పోవడం లేదు! భీమక్క భర్త దస్రు బ్యాండయితే వరసగా రాత్రుళ్ళన్నీ మెలకువే. ప్రపంచంలో ఎవరికీ దొరకనిది నాకు దొరికిందనుకుని మా గైడుకి చెప్పడానికి రేవు దాకా పరుగెత్తాను. సిగ్నల్ దొరకలేదు, బతికిపోయాను. తిరిగొచ్చి దస్రుని కూర్చోబెట్టి, "నిజం చెప్పు, నీకసలు నిద్ర పడుతోందా లేదా" అని నిలదీశాను.

"నాకేమైంది మేడం, మంచిగ పండుకుంటున్న" అన్నాడు.

"మరి ఇది నువ్వు పడుకోలేదంటోందే?"

అతను బ్యాండు వంకా నా వంకా చూసి, "పండుకునేటప్పుడు నా చేతికి ఎందుకుంటది? మెలకువ చూసే మిషిన్ అని నువ్వే చెప్తివి గద. మంచె మీద ఎవరుంటే వాళ్ళకే కడుతున్నం" అన్నాడు.

జొన్న చేలు కంకికొచ్చాయి. అడవిపందులు పడకుండా మంచెల మీద వంతులేసుకుని కాపలా కాస్తున్నారు. కాపలాకి ఎక్కేవాడు బ్యాండు కట్టుకుంటాడు, దిగేటప్పుడు తర్వాతివాడి చేతికి కట్టి వస్తాడు. అంటే ఇన్నాళ్ళూ నేను కొలిచింది దస్రు నిద్రనీ కాదు, ఎవరి నిద్రనీ కాదు. ఈ గుంపు మెలకువని. "మెలకువ ఎంతసేపుంటుందో ఇది చూస్తుంది" అని మొదటిరోజు నేనే అన్నాను, వాళ్ళు తుచ తప్పకుండా చేశారు. ముందు తిట్టాను, తర్వాత నవ్వొచ్చింది, గదిలోకి వచ్చాక ఏడుపొచ్చింది. పని అంతా గోదాట్లో పోసినట్టయింది కదా.

నా సొంత బ్యాండు గతి కూడా చెబుతాను. నా మొహం చూసి నాకు నిద్ర లేదని భీమక్క కనిపెట్టేసింది. ఒకరోజు చాప తెచ్చి నా పక్కనే పరిచింది. "అట్లా కుదరదు అక్కా, లెక్క కోసం నేను ఒంటరిగానే పడుకోవాలి" అన్నాను. "నీ సదువు పగలు చూస్కో" అని అటు తిరిగి గురక పెట్టింది. ఉదయ్ గారూ, నేను నిద్రపోయాను! తెల్లారి కోడి కూసినా తెలియలేదు. అప్పటి నుంచి రోజూ అంతే. ఒంటరివాళ్ళ తరఫున నిలబడ్డ మనిషి కాస్తా అవతలి జట్టులో కలిసిపోయింది.

భీమక్కది వింత మనిషిలెండి. పాముల భయంతో నేను సోలార్ దీపం వెలిగించి పడుకుంటాను. పొద్దున చూస్తే ఆరిపోయి ఉంటుంది. ఎందుకార్పావని అడిగితే, "నువ్వే ఆర్పమన్నవ్ గద" అంటుంది. ఇంకోరోజు అన్నం పెడుతూ, "నీ పిల్ల ఎవరి కాడుంది?" అంది. నాకు పిల్లల్లేరని వచ్చిన రోజే చెప్పాను. మళ్ళీ చెప్పాను, కాస్త కటువుగానే చెప్పాను. ఆవిడ నా తల మీద చెయ్యివేసి కాసేపలాగే ఉంచింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మంచె దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. పక్కపక్కన పడుకోవడం వల్లే వీళ్ళకి నిద్ర పడుతోందని నేను తీర్మానించుకుని వచ్చాను. పక్కన మనిషి లేకపోయినా వీళ్ళు పడుకుంటారు. అవతల చేలో తమ మనిషి ఒకడు మేలుకుని ఉన్నాడని తెలుసు, ఆ ధైర్యంతో పడుకుంటారు. దస్రు మంచె మీద ఉన్న రోజు భీమక్క పక్కన దస్రు ఉండడు. అలిగి వెళ్ళాడని ఆవిడ అనుకోదు. ఎండాకాలంలో మామిడిపళ్ళు ఎక్కువ, కరెంటు కోతలూ ఎక్కువ, అంతమాత్రాన మామిడిపళ్ళు తింటే కరెంటు పోతుందా అని నేను పిల్లల్ని నవ్విస్తుంటాను. రెండు సంగతులు ఒక్కసారి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని చెప్పే మేడం, ఇంట్లో చేసిందేమిటి? బిడ్డ పోయింది, మీరు హాల్లోకి వెళ్ళారు. రెంటికీ ముడి వేసేసి, నేనంటే మీకు ఏవగింపని తేల్చేసుకున్నాను. మిమ్మల్ని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

బహుశా మీరు చెప్పిందే నిజమేమో. నా నిద్ర చెడకూడదనే వెళ్ళారేమో. హాల్లో ఉండి నాకు కాపలా కాశారేమో. దాన్ని అలక అనుకున్నానేమో. ఇన్ని ఏమోలతో ఖమ్మం వెళ్ళలేను. అందుకని ఇప్పుడు అడుగుతున్నాను. గదిలోంచి ఎందుకు వెళ్ళారు? జవాబు ఏదైనా సరే, నిజమే రాయండి. వార్డెన్ పనికి ఏమని చెప్పాలో ఆ తర్వాత ఆలోచిస్తాను.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తున్న
ప్రసూన


బూర్గంపాడు.

ప్రసూనకి,

నీ మొదటి ఉత్తరానికి చాలాసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. నాకు నీలాగా రాయడం రాదు. రెండోది చదివాక రాయకపోతే తప్పనిపించింది.

నువ్వంటే నాకు ఏవగింపని ఎలా అనుకున్నావు? ఆ మాట చదివి డ్యూటీలో ఉండలేక సగం షిఫ్టుకే వచ్చేశాను. ఇక అదే ఉత్తరంలో, నీకు కాపలా కాశానని రాశావు. నేను అంత మంచివాణ్ణి కూడా కాదు ప్రసూనా. నేను మంచె దిగి పారిపోయినవాణ్ణి.

నువ్వు నిద్రలో మాట్లాడతావు. నీకు తెలియదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్ళకి మొదలైంది. రోజూ కాదు. గాఢంగా నిద్రపట్టినప్పుడు ఒకటే మాట అంటావు. "బుజ్జిది పడుకుంది, లైటు తీసేయండి" అంటావు. మెల్లిగా, అది లేస్తుందేమో అన్నట్టు. మొదటిసారి విన్నప్పుడు నీ వైపు తిరిగి చూశాను. అప్పటికి లైటు ఆరిపోయే ఉంది. నేను పలక్కపోతే మళ్ళీ అన్నావు. ఏం చెయ్యాలో తెలియక, లేచి లైటు ఒకసారి వేసి తీశాను. స్విచ్ చప్పుడు విని నువ్వు "ఊఁ" అని పక్కకి తిరిగి పడుకున్నావు. అప్పటి నుంచి నువ్వు అన్నప్పుడల్లా లేచి అలాగే చేసేవాణ్ణి. ఒక్కోసారి నీకు మెలకువ వచ్చేసేది. షిఫ్టుల పిచ్చి అనుకునేదానివి, నేనూ అనుకోనిచ్చాను.

చెప్పవచ్చు కదా అంటావు. ఎలా చెప్పను? ఆ గొంతులో ఎంత సంతోషం ఉండేదో నీకు తెలియదు. పగలు నీ మొహంలో వెతికినా దొరకని నవ్వు ఆ ఒక్క మాటలో ఉండేది. చెబితే అది కూడా పోతుందేమోనని భయం. నిద్రలోనైనా నీకు పిల్ల ఉంది కదా అనుకున్నాను. నాకు అది కూడా లేదు. నేను మేలుకుని వినేవాణ్ణి. డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే ఆ మాట ఎప్పుడొస్తుందోనని చెవులు అక్కడే ఉండేవి. ఆ మాట వచ్చినా భరించలేకపోయేవాణ్ణి, రాకపోయినా భరించలేకపోయేవాణ్ణి. నువ్వు విసుక్కున్న రోజు నాకు కోపం రాలేదు, హమ్మయ్య అనిపించింది. సాకు దొరికిందని పరుపు తీసుకుని వెళ్ళిపోయాను. హాల్లో కూడా నిద్రపోయింది లేదు. తలుపు వేసి ఉన్నా వినపడేది. లేచి లైటు తీసేవాడు మాత్రం లేడు. నువ్వు మళ్ళీ మళ్ళీ అనేదానివి.

భీమక్క గారు దీపం ఎందుకార్పారో, నీ పిల్ల ఎవరి దగ్గరుందని ఎందుకడిగారో ఇప్పుడు నీకర్థమైందా? నీ ఉత్తరంలో ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. భాష సరిగా కలవని మనిషి, ఏమీ అడక్కుండా లేచి దీపం ఆర్పింది. మొగుణ్ణయి ఉండి నేను ఆ పని వదిలేసి వచ్చాను.

నీ నిద్రకి సాక్షి ఎవరూ లేరని రాశావు. నేనున్నాను. ఇంతకాలం నోరు మూసుకున్న సాక్షిని. ఖమ్మం వెళ్ళడం నీ ఇష్టం, నేను అడ్డం పడను. ఆదివారం నాకు ఆఫ్. పొద్దున బస్సుకి దుమ్ముగూడెంలో దిగి నడుచుకుంటూ వస్తాను. భీమక్క గారిని ఒక చాప అదనంగా అడిగి ఉంచు. పరుపు గదిలోకి మార్చేశాను.

నాదొక కోరిక. మనం ఆ పిల్ల గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదన్నావు. నువ్వు మాట్లాడావు, నీకు తెలియదంతే. ఈసారి ఆ మాట మెలకువగా ఉండి నాతో అను. లేచి లైటు తీస్తాను.

నీ,
ఉదయ్